కుమ్మరింటి రాజు

ఇక్కడి పురోహితుల్లో చాలామంది సంకల్పంలో భూగోళం మార్చి చెబుతారు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం పోయి క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం వచ్చాయి. దేశం మారింది కనక ఈ మార్పు సబబే. కాని ఎన్ని మారినా ‘శాలివాహన శకే’ అన్న మాట మాత్రం చెక్కు చెదరకుండా అట్లాంటిక్ దాటి వచ్చేసింది. మా కమ్మింగులో ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా, ఏ గృహప్రవేశంలో కూర్చున్నా తెలుగువాడు తన కాలాన్ని ఒక రాజు పేరుతో కొలుస్తూనే ఉన్నాడు.

ఎవరా రాజు? ఈ ప్రశ్న మనవాళ్ళ మధ్య వేస్తే రెండు రకాల జవాబులు వస్తాయి. చందమామ చదివి పెరిగిన తరం “విక్రమార్కుణ్ణి చంపినవాడు” అంటుంది. 2017లో వచ్చిన సినిమా చూసినవాళ్ళు “మన గౌతమీపుత్ర శాతకర్ణే” అంటారు. పక్కన మరాఠీ మిత్రుడెవరైనా ఉంటే సంభాషణ ఇంకాస్త వేడెక్కుతుంది. మన ఉగాది నాడే వాళ్ళకు గుడీ పాడ్వా. శాలివాహనుడి విజయానికి గుర్తుగానే ఆ రోజు గుడి ఎత్తుతామని వాళ్ళలో చాలామంది చెబుతారు. ఆయన రాజధాని పైఠణ్, అంటే పాత ప్రతిష్ఠానపురం, నేటి మహారాష్ట్రలో ఉంది. అది గోదావరి ఒడ్డునే ఉందని మనం గుర్తు చేస్తాం. ఇక ఆ పూట భోజనాలు ఆలస్యమే.

ఈ వాదనలో ఎవరు గెలిచినా నాకు పేచీ లేదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. శాసనాల్లో కనిపించే విజేత ఒకడు, కథల్లో కనిపించే విజేత మరొకడు. మొదటివాణ్ణి జనం పూర్తిగా మరిచిపోయారు. రెండోవాణ్ణి పంచాంగంలో కూర్చోబెట్టారు. ఇది ఎలా జరిగిందో చూద్దాం.

ముందు కథ. పదిహేనో శతాబ్దంలో తెలంగాణలో కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ రాశాడు. సుమారు అదే శతాబ్దంలో జక్కన ‘విక్రమార్క చరిత్ర’ రాశాడు. విక్రమార్కుడంటే తెలుగువాళ్ళకు ఎంత మోజో చెప్పడానికి ఈ రెండు కావ్యాలూ చాలు. సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసేటప్పుడు గోపరాజును తెగ వాడుకున్నారు. ఆనాటి జనం తిండీ బట్టా ఆటపాటా ఆ కావ్యంలో అంత దట్టంగా ఉన్నాయి. దీనికి మూలమైన సంస్కృత కథాసంపుటి నాలుగైదు రకాల పాఠాలుగా దేశమంతా తిరిగింది. వాటిని పక్కపక్కన పెట్టి ఫ్రాంక్లిన్ ఎడ్జర్టన్ అనే అమెరికన్ పండితుడు 1926లో హార్వర్డ్ నుంచి ప్రకటించాడు. దక్షిణాది పాఠంలో కథ ఇలా నడుస్తుంది.

విక్రమార్కుడికి ఒక వరం ఉంది. రెండున్నరేళ్ళ పిల్లకు పుట్టిన కొడుకు చేతిలో తప్ప అతనికి చావు లేదు. అలాంటి కొడుకు ఎక్కడుంటాడని ధీమా. ఓసారి దుశ్శకునాలు కనిపిస్తే వెతికి రమ్మని బేతాళుణ్ణి పంపాడు. బేతాళుడు ప్రతిష్ఠానపురంలో ఓ కుమ్మరి ఇంట్లో ఆడుకుంటున్న ఒక చిన్నపిల్లనూ ఒక బాలుణ్ణీ చూశాడు. “ఈ పిల్ల నా కూతురు, వాడు దాని కొడుకు” అన్నాడు అక్కడున్న బ్రాహ్మణుడు. తండ్రి నాగరాజు శేషుడట. విక్రమార్కుడు కత్తి దూసి వెళ్ళాడు, దెబ్బ తిన్నాడు, ఉజ్జయినికి తిరిగొచ్చి ప్రాణం విడిచాడు. ఆ సింహాసనం ఎక్కే అర్హత ఇంకెవరికీ లేదని దాన్ని భూమిలో పాతిపెట్టారు. తరవాత భోజరాజు తవ్వించడం, ముప్ఫై రెండు బొమ్మలు మాట్లాడడం మనందరికీ తెలిసినవే.

ఇరవై నాలుగో బొమ్మ చెప్పే కథ నాకు మరీ ఇష్టం. ఒక వర్తకుడు చనిపోతూ నలుగురు కొడుకులకు నాలుగు కుండలు వదిలి వెళ్ళాడు. ఒకదాంట్లో మన్ను, ఒకదాంట్లో బొగ్గులు, ఒకదాంట్లో ఎముకలు, ఒకదాంట్లో ఊక. ఈ పంపకం ఏమిటో విక్రమార్కుడి సభలో ఎవరికీ అంతు పట్టలేదు. ప్రతిష్ఠానంలో కుమ్మరింట పెరుగుతున్న కుర్రవాడు శాలివాహనుడు విప్పి చెప్పాడు. మన్ను వచ్చినవాడికి పొలాలు, బొగ్గులు వచ్చినవాడికి బంగారం, ఎముకలు వచ్చినవాడికి పశువులు, ఊక వచ్చినవాడికి ధాన్యం. విక్రమార్కుడు కబురు పంపితే కుర్రవాడు రానన్నాడు. సైన్యం కదిలింది. కుర్రవాడి దగ్గర ఉన్నవి కుమ్మరి చేసిన మట్టి ఏనుగులు, మట్టి గుర్రాలు, మట్టి బంట్లు. శేషుడి దయతో వాటికి ప్రాణం వచ్చింది. విక్రమార్కుడి సేనను పాములు కరిచి పడగొట్టాయి. తన సేనను బతికించుకోవడానికి విక్రమార్కుడు తపస్సు చేసి వాసుకి దగ్గర అమృతం సంపాదించాడు. దారిలో ఇద్దరు బ్రాహ్మణులు ఎదురై ఆ అమృతం అడిగారు. వాళ్ళను పంపింది శత్రువేనని తెలిసి కూడా ఇచ్చేశాడు. ఇచ్చిన మాట కోసం సైన్యాన్ని వదులుకున్న రాజు ఒక పక్క, మట్టి బొమ్మలతో గెలిచిన కుర్రవాడు ఇంకో పక్క. కథ చెప్పినవాడు ఇద్దరిలో ఎవర్నీ తక్కువ చేయలేదు.

జైనులు చెప్పుకున్న కథ దీనికి దగ్గరగానే ఉంటుంది గాని చాలా కరుకు. పద్నాలుగో శతాబ్దంలో, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో మన్నన పొందిన జినప్రభసూరి ‘వివిధ తీర్థ కల్పం’లో ప్రతిష్ఠానపురం గురించి రాస్తూ దీన్ని చెప్పాడు. ఇద్దరు బ్రాహ్మణ సోదరులు, వితంతువైన చెల్లెలు ఒక కుమ్మరి ఇంట్లో తలదాచుకున్నారు. గోదావరికి నీళ్ళకు వెళ్ళిన ఆ అమ్మాయిని శేషుడు చూశాడు. ఆమె గర్భవతి అయింది. అన్నలిద్దరూ ఒకరినొకరు అనుమానించుకుని ఆమెను ఒంటరిగా వదిలేసి దేశాలు పట్టిపోయారు. ఆమె నలుగురి ఇళ్ళలో పని చేసుకుంటూ బిడ్డను కన్నది. వాడు తోటి పిల్లలకు రాజై, వాళ్ళకు మట్టి వాహనాలు పంచిపెట్టేవాడు. ఇచ్చేవాడు గనక ‘సాత’, వాహనాలు గనక ‘సాతవాహన’ అని జినప్రభసూరి వ్యుత్పత్తి. భాషాశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. కాని అన్నలు వదిలేసిన ఆడమనిషికి నీడ ఇచ్చింది కుమ్మరి చూరు అన్న మాట మాత్రం ఏ శాస్త్రమూ కొట్టివేయలేదు. ఈ కథలో విక్రమార్కుడు చావడు, ఓడి ఉజ్జయినికి పారిపోతాడు. సాతవాహనుడు తాపీనది దాకా ఏలి, జైనుడై, తన పేర ఒక సంవత్సరం కూడా నెలకొల్పుతాడు.

కథల సంగతి అలా ఉంచి రాళ్ళ దగ్గరికి వద్దాం. నాసిక్ గుహల్లో ఒక తల్లి వేయించిన శాసనం ఉంది. ఆమె గౌతమీ బలశ్రీ. మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలన 19వ ఏట, చనిపోయిన కొడుకును తలుచుకుంటూ ఆమె చెక్కించిన మాటలివి. శకులను, యవనులను, పహ్లవులను అణిచాడట. క్షహరాత వంశాన్ని మిగలకుండా చేశాడట. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయట. తల్లి మాట కనక కొంత తగ్గించుకుని చదువుదామనుకున్నా, క్షహరాతుల విషయంలో పెద్ద సాక్ష్యం దొరికింది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఒక నిధి బయటపడింది. క్షహరాత రాజు నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. కరిగించి కొత్తవి పోయించలేదు. నహపానుడి ముఖం మీదే తన గుర్తు వేయించాడు. ఖజానా చిక్కిందని ఊరూరా చాటడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు.

ఇంతటి విజేత గురించి పురాణాలు ఏం చెబుతాయి? ఆంధ్ర రాజుల పట్టికలో ఒక పేరు, పాలించిన ఏళ్ళ లెక్క. అంతే. యుద్ధాలు లేవు, మూడు సముద్రాలు లేవు. పందొమ్మిదో శతాబ్దంలో నాసిక్ శాసనాలు చదివేదాకా అతని ఘనత ఎవరి నోటా లేదు. తెలంగాణలో కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాలలో ఈ వంశపు మొదటి రాజు సిముకుడి నాణేలు దొరికాయి. అవి దొరకడం కూడా మన తాతలకు కాదు, మన కాలంలోనే. అంటే దాదాపు పదిహేను వందల ఏళ్ళ పాటు జనానికి శాతవాహనుడంటే మట్టి ఏనుగుల కుర్రవాడే.

మరి శకం? ఇక్కడే అసలు విడ్డూరం ఉంది. క్రీ.శ. 78లో మొదలయ్యే ఈ లెక్క పశ్చిమ భారతంలోని శక క్షత్రపులది. చాలాకాలం దీన్ని కనిష్కుడికి అంటగట్టారు. ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఉజ్జయిని శకరాజు చష్టనుడి వైపు చూస్తున్నారు. బాదామి గుహలో చాళుక్య మంగళేశుడి శాసనం క్రీ.శ. 578 నాటిది. అందులో ‘శకరాజు పట్టాభిషేకం నుంచి 500 ఏళ్ళు’ అనే అర్థంలో స్పష్టంగా ఉంది. శాలివాహనుడి ప్రసక్తి లేదు. ఆ పేరు ఈ లెక్కతో జతపడడం పదమూడో శతాబ్దంలో కనిపిస్తుంది. విజయనగర కాలానికల్లా తెలుగు శాసనాల్లో ‘శాలివాహన శక వర్షంబులు’ మామూలు మాట అయిపోయింది. అంటే శకులను ఊడ్చిపెట్టానని చెప్పుకున్న వంశం పేరు, శకులు మొదలుపెట్టిన లెక్కకు, వాళ్ళు పోయిన ఎనిమిది వందల ఏళ్ళకు తగిలించారు!

ఎందుకు తగిలించారు? నాకు తోచిన కారణం ఇది. పక్కన ఉత్తరాదిలో విక్రమ శకం ఉంది, క్రీ.పూ. 57 నుంచి. అది కూడా మొదట మాలవుల లెక్కే. తొమ్మిదో శతాబ్దం దాకా శాసనాల్లో విక్రముడి పేరుతో కనబడదు. వాళ్ళ లెక్కకు ఒక మహారాజు దొరికాక మన లెక్క ఒట్టి ‘శక’ అని ఎలా ఉంటుంది? ‘శక’ అంటే ఒక జాతి పేరన్న సంగతి అప్పటికి జనం మరిచిపోయారు. ‘సంవత్సరాల లెక్క’ అనే అర్థమే మిగిలింది. ‘క్రీస్తు శకం’ అని మనం అనడంలేదా? కాబట్టి శకానికొక యజమాని కావలసి వచ్చాడు. దక్షిణాదిలో విక్రమార్కుడికి సరితూగే పేరు ఒక్కటే ఉంది.

మా వృత్తిలో కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ రోజు ఎవరూ పట్టాభిషిక్తులు కాలేదు, లెక్క మొదలెట్టడానికి ఒక తేదీ కావాలి గనక పెట్టుకున్నారు. వెయ్యేళ్ళు గడిస్తే ఎవరో ఒక రాజుగారిని దానికి కథ కట్టి కూర్చోబెట్టరని చెప్పలేం.

ఇంజనీరు బుద్ధితో కూడికలు చూసుకుంటే ఇంకో చిక్కు. క్రీ.పూ. 57కీ క్రీ.శ. 78కీ మధ్య 135 ఏళ్ళు. విక్రమార్కుడు తన శకం మొదట్లో పట్టం కట్టుకుని ఉంటే, శాలివాహనుడు చంపేనాటికి ఎంత ముసలివాడై ఉండాలి! కథ చెప్పినవాళ్ళకు ఈ సంగతి తెలియదనుకోవద్దు. విక్రమార్కుడికి మామూలు మనుషుల ఆయుష్షు కాదని వాళ్ళు ముందే చెప్పిపెట్టారు. జైనుల కాలకాచార్య కథ మాత్రం ఈ 135 ఏళ్ళను శ్రద్ధగా పట్టుకుంది. విక్రముడు శకుల్ని తరిమాడు, 135 ఏళ్ళ తరవాత మళ్ళీ ఒక శకరాజు అతని వంశాన్ని తోసి తన లెక్క మొదలుపెట్టాడు అని. కథల్లో చరిత్ర ఉండదని తేల్చేసేవాళ్ళు దీన్ని కాస్త ఆలోచించాలి.

అసలు విజేతల చుట్టూ ఇలాంటి అల్లికలు మన ఒక్కరి సొత్తు కాదు. అలెగ్జాండరు క్రీ.పూ. 323లో చనిపోయాడు. క్రీస్తు తరవాత మూడో శతాబ్దం నాటికి ఈజిప్టులో గ్రీకు భాషలో ఒక అద్భుత కథ తయారైంది. దాని ప్రకారం అలెగ్జాండరు తండ్రి ఫిలిప్పు కాదు. ఈజిప్టు చివరి స్వదేశీ రాజు నెక్టనేబో దేశం వదిలి పారిపోయి, మాసిడోనియాలో మాంత్రికుడై, పాము రూపంలో రాణి దగ్గరికి చేరాడు. ఇక్కడ శేషుడు, అక్కడ నెక్టనేబో. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని నేను అనడం లేదు. తండ్రి ఎవరో చెప్పలేని మహావీరుడికి పామును తండ్రిని చేయడం చాలా జాతులకు తోచిన ఉపాయం. అయితే ఉపాయం వెనక ఒక అవసరం ఉంది. మా దేశాన్ని గెలిచినవాడు పరాయివాడు కాడు, మా రాజు కొడుకే అని ఈజిప్టువాళ్ళకు చెప్పుకోవాలి. పర్షియావాళ్ళూ అదే పని చేశారు. ఫిర్దౌసి షానామాలో సికందరు పర్షియా రాజు దారాబు కొడుకు, తను ఓడించిన దారాకు సవతి అన్న. ఆ కథ సిరియక్, అర్మీనియన్, లాటిన్ భాషల్లోకి, యూరపు పల్లెల దాకా పాకింది. గాజు పెట్టెలో సముద్రం అడుగుకి దిగాడన్నారు, పక్షులు మోసుకుపోతే ఆకాశం చూసొచ్చాడన్నారు. పన్నెండో శతాబ్దం చివర్లో నిజామీ పారశీకంలో సికందర్‌నామా రాశాడు. ఆ పారశీక సంస్కృతి వెంటే ఆ పేరు మన దాకా వచ్చింది. 1803 నుంచి 1829 దాకా ఏలిన మూడో నిజాము సికందర్ జా. అతని పేరు మీద 1806లో సికింద్రాబాదు. బియాస్ నది దగ్గరే వెనక్కి మళ్ళిన అలెగ్జాండరు అలా హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు చేరాడు. మేం చదువుకునే రోజుల్లో విజయవాడలో ఎక్కి సికింద్రాబాదులో దిగిన రైలు పేరు శాతవాహన ఎక్స్‌ప్రెస్. ఇద్దరు విజేతల పేర్లు ఒకే టిక్కెట్టు మీద ఉన్నాయని అప్పుడెవరు చూశారు!

పరాయి విజేతను తమవాణ్ణి చేసుకోవడం ఈజిప్టు, పర్షియాల దారి. మనవాళ్ళు పరాయివాళ్ళ లెక్కను తమది చేసుకున్నారు. అంత వింతేమీ కాదేమో. గౌతమీపుత్రుడి తరవాత చష్టనుడి మనవడు రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో (క్రీ.శ. 150) దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించాననీ, దగ్గర చుట్టరికం వల్ల వదిలేశాననీ చెప్పుకున్నాడు. ఒకరినొకరు నిర్మూలించామని చెప్పుకున్నవాళ్ళు ఒక తరం గడిచేసరికి వియ్యంకులు.

ఇక ప్రేమకథ. శాతవాహనుల్లో హాలుడి పేరు యుద్ధాలకు కాదు, గాథాసప్తశతికి ప్రసిద్ధం. కోటి గాథల్లోంచి ఏడు వందలు ఏరాడని ప్రతీతి. క్రీ.శ. 800 ప్రాంతంలో కౌతూహలుడనే కవి ప్రాకృతంలో ‘లీలావఈ’ అనే కావ్యం రాశాడు. అందులో నాయకుడు ఈ హాలుడు, నాయిక సింహళ రాజకుమారి లీలావతి. హాలుడి సేనాపతి విజయానందుడు సింహళానికి బయలుదేరితే ఓడ గోదావరి ముఖద్వారం దగ్గర పగిలిపోయింది. ప్రాణాలతో ఒడ్డున పడి అతను చేరిన చోటు సప్తగోదావర భీమేశ్వరం, అంటే మన ద్రాక్షారామం. అక్కడ తపస్సు చేసుకుంటున్న ఇద్దరు కన్యల వల్ల లీలావతి సంగతి తెలిసింది. దండయాత్ర కావలసింది చివరికి పెళ్ళి అయింది. గంధర్వులు, యక్షులు, రాక్షసుడు, పాతాళ ప్రయాణం అన్నీ ఉన్నాయి గాని నాకు నచ్చింది ఆ ఓడ పగిలిన చోటు. కోనసీమ ఇసుక దిబ్బల మీద ఒక సేనాపతిని అలా నిస్సహాయంగా నిలబెట్టిన కవిని మనవాళ్ళు ఇంకాస్త తలుచుకోవలసింది. అదే ద్రాక్షారామం మీద భీమేశ్వరపురాణం చెప్పిన శ్రీనాథుడు, మీసాలు మొలిచే వయసులో శాలివాహన సప్తశతిని తెలుగు చేశానని కాశీఖండంలో చెప్పుకున్నాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు.

ఈ శాలివాహనుడు కావ్యాల్లోనూ పంచాంగంలోనూ మాత్రమే లేడు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వెనుకబడిన కులాల జాబితా తీసి చూడండి. బి గ్రూపులో కుమ్మర, కులాల అన్న పేర్ల పక్కన శాలివాహన అని ఉంటుంది. తమ సారె మీద తిరిగిన మట్టిని ఒక రాజు సైన్యంగా చేసుకున్నాడన్న కథను ఆ వృత్తివాళ్ళు ఇంటిపేరులా పట్టుకున్నారు. “చారిత్రక ఆధారం ఏముంది?” అని ఒక సాహిత్య సమావేశంలో ఎవరో పెద్దమనిషి అంటే విన్నాను. శాసనాధారం లేదు, నిజమే. శకానికి శాలివాహనుడి పేరు పెట్టడానికి మాత్రం ఏ ఆధారం ఉంది? ఆ మాటను రాజులు చెక్కించారు, పురోహితులు చదివారు, ఎవరూ ఆధారం అడగలేదు. 1957లో భారత ప్రభుత్వం మేఘనాథ్ సాహా సంఘం సిఫారసు మీద శక సంవత్సరాన్నే జాతీయ పంచాంగంగా తీసుకుంది. ఆధారాలు అడగదలిస్తే ఇద్దరినీ అడగాలి. కుమ్మరి కథకు ఇంకో విలువ కూడా ఉంది. పెద్ద కులం ఇంటి ఆడపిల్లను అయినవాళ్ళు వదిలేశారనీ, కుమ్మరి ఆశ్రయమిచ్చాడనీ ఒక జైనాచార్యుడు రాసిపెట్టాడు. మన రాజవంశాల పుట్టుపూర్వోత్తరాల్లో సూర్యచంద్రులకు కొదవలేదు. కుండలు చేసే ఇంటి గడప ఇంకెక్కడ కనబడింది?

ఇక్కడ ఆదివారం తెలుగు బడిలో పెద్ద పిల్లలకు నేను గౌతమీపుత్రుడి నాణేల సంగతీ, కుమ్మరింటి కుర్రవాడి సంగతీ రెండూ చెబుతాను, ఏది రాయి మీద ఉందో ఏది నోటి మీద ఉందో విడదీసి. నాలుగు కుండల పొడుపు మాత్రం ముందు విప్పను. మన్నుకు పొలమని చటుక్కున చెప్పేస్తారు. ఎముకలకు పశువులని చెప్పడానికి కాస్త తన్నుకుంటారు. కిందటిసారి ఊక దగ్గర బండి ఆగిపోయింది. ఊక అంటే ఏమిటో అక్కడ ఒక్కరికీ తెలియదు. మర్నాటి వారం పటేల్ బ్రదర్సులో వెతికితే వడ్లు దొరకవు కదా. చివరికి ఇండియా నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారు ముగ్గుగిన్నెలో నాలుగు బియ్యపుగింజలు పోసి, వేళ్ళతో దంచినట్టు, చేటతో చెరిగినట్టు అభినయించి చూపించారు.